వ్యాపారాలకు కాపీరైటింగ్, ఎడిటింగ్ సేవలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాతో పని మొదలుపెట్టే ముందు చాలామంది అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి రెండు ముక్కల్లో జవాబు అయిపోతుంది, కొన్నిటికి అవ్వదు. పొడుగు జవాబులు ఉన్నచోట కాస్త ఓపిగ్గా చదవండి, మీ డబ్బు, టైమ్ మిగిలే విషయాలు ఎక్కువగా వాటిలోనే ఉన్నాయి.

మీరు ఏమేం రాస్తారు?

వ్యాపారం తన కస్టమర్‌తో మాట్లాడే ప్రతిచోటా కావాల్సిన మేటర్ రాస్తాం. వెబ్‌సైట్ పేజీలు, ప్రోడక్ట్ వివరాలు, బ్రోషర్లు, యాడ్స్, ఈమెయిళ్ళు, ఎస్ఎమ్ఎస్‌లు, కంపెనీ ప్రొఫైల్, ప్రెస్ నోట్, వీడియో స్క్రిప్టు. వీటితో పాటు సాధారణంగా ఎవరూ పట్టించుకోని మేటర్ కూడా ఒకటుంటుంది: ఆర్డర్ క్యాన్సిల్ అయినప్పుడు వెళ్ళే మెసేజ్, పేమెంట్ ఫెయిల్ అయినప్పుడు స్క్రీన్ మీద కనిపించే వాక్యం, రిఫండ్ నిబంధనల పేజీ. అకౌంట్లో డబ్బు కట్ అయి ఆర్డర్ మాత్రం పడని మనిషి ఎంత టెన్షన్‌లో ఉంటాడో మీకు తెలుసు. ఆ నిమిషంలో "ఏదో పొరపాటు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి" అని కనిపిస్తే అతనికి ఏం చేయాలో పాలుపోదు. డబ్బు కట్ అయి ఉంటే ఎప్పటిలోగా వెనక్కి వస్తుందో, ఇప్పుడు మళ్ళీ కట్టొచ్చో లేదో, ఎవరికి ఫోన్ చేయాలో ఆ మెసేజ్‌లోనే ఉంటే ఊపిరి పీల్చుకుంటాడు. వెబ్‌సైట్ పని ఇచ్చేవాళ్ళు ఈ మెసేజ్‌లని లిస్టులో పెట్టరు, మేమే అడిగి పెట్టిస్తాం.

మాకూ భాష వచ్చు కదా, మేమే రాసుకుంటే పోలా?

రాసుకోవచ్చు. ఓనర్ స్వయంగా రాసిన మేటర్‌లో ఉండే నిజాయితీ బయటివాళ్ళు తేవడం కష్టం. అలాంటిది మీ దగ్గర ఉంటే మేం దాన్ని తిరగరాయం, ఎడిట్ మాత్రం చేస్తాం. చిక్కు భాష దగ్గర రాదు. రోజూ అదే పనిలో ఉన్నవాళ్ళకి తమకి తెలిసినవన్నీ అవతలివాళ్ళకీ తెలుసనిపిస్తుంది, అందుకని మొదట చెప్పాల్సింది వదిలేసి మధ్యలోంచి మొదలుపెడతారు. ఒక చిన్న పరీక్ష ఉంది. మీ హోమ్‌పేజీ మొదటి పేరాని మీ ఫీల్డుతో ఏ సంబంధం లేని ఎవరికైనా ఇచ్చి, మీరు ఏం అమ్ముతున్నారో, ఎవరికి అమ్ముతున్నారో, కావాలంటే ముందుగా ఏం చేయాలో చెప్పమనండి. మూడూ చెప్పగలిగితే ఆ పేజీకి మా అవసరం లేదు.

మా వ్యాపారం గురించి మీకేం తెలుసని రాస్తారు?

మొదట్లో ఏమీ తెలియదు, అందుకే ముందు అడుగుతాం. మా పనిలో సగానికి పైగా అడగడమే.

మొదటి మీటింగ్‌లో "మీ విజన్ ఏంటి" లాంటివి అడగం. కస్టమర్లు ఫోన్ చేసి మొట్టమొదట అడిగే ప్రశ్న ఏంటి, కొనే ముందు దేనికి వెనకాడతారు, కొన్నాక ఏ విషయంలో కంప్లయింట్ వస్తుంది, మిమ్మల్ని కాదని వెళ్ళినవాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్తారు, ఎందుకు, ఎలాంటి కస్టమర్‌కి "మా సర్వీసు మీకు పనికిరాదండి" అని మీరే చెప్తారు — ఇవీ మా ప్రశ్నలు. చివరిదానికి జవాబు చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు గానీ, తనకి ఎవరు సరిపోరో చెప్పగలిగిన వ్యాపారం మీదే కొనేవాళ్ళకి నమ్మకం కుదురుతుంది.

మీటింగ్ అయ్యాక, వీలైతే మీ దగ్గర ఫోన్లు ఎత్తే వ్యక్తితో కాసేపు మాట్లాడించమంటాం. కస్టమర్లు వాడే అసలు మాటలు ఉండేది ఆ మనిషి దగ్గరే. మీరు "సమగ్ర పరిష్కారం" అంటారు, కస్టమర్ మాత్రం "ఒక్కచోటే అన్నీ అయిపోతాయా?" అని అడుగుతాడు. మేం రెండోదే రాస్తాం. పాత ఈమెయిళ్ళు, రివ్యూలు, కంప్లయింట్ల రికార్డు ఉంటే అవి కూడా కావాలి.

ఇంతలా ఎందుకంటే, "నాణ్యమైన సేవలు, అందుబాటు ధరలు, కస్టమర్ సంతృప్తే మా ధ్యేయం" అనే వాక్యం రాయడానికి ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. ఆ వాక్యంలో మీ పేరు తీసేసి మీ పోటీదారు పేరు పెట్టి చదవండి, అక్షరం మార్చకుండా సరిపోతుంది. అంటే అది మీ గురించి ఏమీ చెప్పలేదన్నమాట. అదే "రిపేరుకి ఇచ్చిన మిషన్ చెప్పిన రోజుకి రెడీ కాకపోతే, రెడీ అయ్యేదాకా వాడుకోవడానికి ఇంకోటి ఇస్తాం" అని ఉంటే, అలా నిజంగా ఇచ్చేవాళ్ళు మాత్రమే ఆ మాట రాసుకోగలరు. ఇలాంటి వాస్తవం ప్రతి వ్యాపారంలోనూ ఒకటో రెండో ఉంటాయి. రోజూ చేసేదే కాబట్టి మీకు అది గొప్పగా అనిపించదు, అంతే. దాన్ని మీ నోట చెప్పించడమే మా పని.

ఎడిటింగ్ అంటే స్పెల్లింగులు దిద్దడమేనా?

స్పెల్లింగులు దిద్దడం అందులో చిట్టచివరి పని. ఎడిటింగ్‌లో స్థాయిలున్నాయి, మీకు ఏది కావాలో ముందే తేల్చుకోకపోతే అనవసరంగా ఖర్చవుతుంది.

మొదటిది నిర్మాణం చూడటం. ఏది ముందు రావాలి, ఏది వెనక రావాలి, ఏ భాగం మొత్తం తీసేయాలి, చదివేవాడికి కావాల్సింది ఏది అసలు లేనేలేదు అన్నది ఇక్కడ తేలుతుంది. ఆ తర్వాత వాక్యాల స్థాయి: అర్థం అవుతోందా, బరువుగా ఉందా, ఒకే మాట మూడు పేరాల్లో మూడు రకాలుగా తిరుగుతోందా. మూడోది కాపీ ఎడిటింగ్, అంటే వ్యాకరణం, పొంతన, లెక్కల సరిచూపు. ఒక పేజీలో "10 ఏళ్ళ అనుభవం" అనీ ఇంకో పేజీలో "2012 నుంచి" అనీ ఉంటే పట్టుకునేది ఇక్కడ. పేజీ డిజైన్ అయ్యాక చేసే ఆఖరి చూపు ప్రూఫ్‌రీడింగ్.

చాలామంది "కాస్త ప్రూఫ్ చూసి పెట్టండి" అని పంపిస్తారు, తెరిచి చూస్తే నిర్మాణమే తిరగబడి ఉంటుంది. అలాంటప్పుడు కామాలు దిద్ది బిల్లు వేయడం మాకు ఇష్టం ఉండదు, ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్తాం. అయినా ప్రూఫ్ మాత్రమే చాలు అంటే అంతే చేస్తాం, నిర్ణయం మీది.

ఒక ఉదాహరణ చెప్తాను. "మా సంస్థ ద్వారా వినియోగదారులకు సకాలంలో డెలివరీ సేవలు అందించబడుతున్నాయి" అని ఒక వాక్యం వచ్చిందనుకోండి. స్పెల్ చెక్ దీనిలో తప్పేమీ పట్టదు. మేం దీన్ని "ఆర్డర్ చేసిన ఇన్ని రోజుల్లో మీ ఇంటికి చేరుస్తాం" అని మార్చి, పక్కనే మార్జిన్‌లో "సకాలం అంటే ఎన్ని రోజులు? అన్ని ఊళ్ళకీ అంతేనా?" అని అడుగుతాం. ఆ అంకె మేం ఊహించి వేయం. ఎడిటర్ తిరిగి పంపిన ఫైల్‌లో ప్రశ్నలు ఒక్కటి కూడా లేవంటే ఆ ఎడిటర్ సరిగ్గా చదవలేదేమోనని అనుమానించడం మంచిది.

మార్పులన్నీ మీకు కనిపించేలా ఉంటాయి. వర్డ్ అయితే ట్రాక్ చేంజెస్‌లో, గూగుల్ డాక్స్ అయితే సజెషన్ మోడ్‌లో చేస్తాం. నచ్చనిది మీరు వెనక్కి తిప్పుకోవచ్చు.

డిజైనర్ ఒకసారి చూశారు, మళ్ళీ ప్రూఫ్‌రీడింగ్ ఎందుకు?

డిజైనర్ మేటర్‌ని బొమ్మలాగా చూస్తారు, అది వాళ్ళ పని, తప్పేం కాదు. పైగా కొత్త తప్పులు పుట్టేది కూడా డిజైన్ అయ్యేటప్పుడే. పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసిన తెలుగు మేటర్‌ని యూనికోడ్‌లోకి, అంటే ఇప్పుడు ఫోన్లు, వెబ్‌సైట్లు వాడే పద్ధతిలోకి, మార్చినప్పుడు వత్తులు, సున్నాలు అటూ ఇటూ అవుతాయి. పేజీలు డిజైన్ చేసే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, మన లిపుల్ని సరిగ్గా పేర్చే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఆన్ చేయకుండా తెలుగు పేస్ట్ చేస్తే వత్తులు అక్షరం కిందకి రాకుండా విడిపోయి పక్కన నిలబడతాయి, తెలుగు చదవడం రాని డిజైనర్‌కి అది తప్పని కూడా తెలియదు. "సాఫ్ట్‌వేర్" అనే మాటలో ట దగ్గర పొల్లు నిలవడానికి కంటికి కనబడని ఒక అక్షరం వేయాలి, అది పోతే వ కాస్తా వత్తుగా మారి ముందు అక్షరం కిందకి చేరుతుంది. అందుకే ఫైనల్ పీడీఎఫ్ చూడకుండా ప్రూఫ్ అయిపోయిందని మేం చెప్పం.

తప్పులు ఎక్కువగా తప్పించుకునేది చిన్న అక్షరాల్లో అనుకుంటారు గానీ, పెద్ద హెడ్డింగుల్లో కూడా అంతే తేలిగ్గా తప్పించుకుంటాయి, వాటిని ఎవరూ అక్షరం అక్షరం చదవరు కాబట్టి. పేర్లు, అంకెలు, తేదీలు మేం విడిగా ఇంకోసారి చూస్తాం. ఫోన్ నంబర్‌కి డయల్ చేసి చూస్తాం, లింకులు నొక్కి చూస్తాం.

పేరులో ఒక్క అక్షరం తేడాకి ఏమవుతుందంటారా? 2009లో బ్రిటన్‌లో కంపెనీల రిజిస్టర్‌లో "టేలర్ అండ్ సన్" అనే కంపెనీ మూతపడుతోందని నమోదు కావాల్సి ఉండగా, అది "టేలర్ అండ్ సన్స్" అనే వేరే కంపెనీ పేరు మీద నమోదైంది. ఆ రెండోది నూరేళ్ళు దాటిన కంపెనీ. సప్లయర్లు అరువు ఆపేశారు, ఆర్డర్లు పోయాయి, తప్పు సరిదిద్దినా వార్త అప్పటికే పాకిపోయింది, అదే ఏడాది ఆ కంపెనీ నిజంగానే కూలిపోయింది. 250 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. 2015లో లండన్ హైకోర్టు ఆ తప్పుకి రిజిస్టర్ నడిపే సంస్థదే బాధ్యత అని తేల్చింది. ప్రతి తప్పూ ఇంత దూరం పోదు, నిజమే. ఏది పోతుందో మాత్రం ముందుగా తెలియదు.

ఏఐతో రాయించుకుంటే అయిపోతుంది కదా?

కొన్ని పనులకి అయిపోతుంది. లోపల తిరిగే నోట్, మీటింగ్ సారాంశం, తొలి చిత్తుప్రతి లాంటివాటికి వాడుకోండి, మేం వద్దనం. అయితే మీ కస్టమర్ నిన్న ఫోన్లో ఏమన్నాడో ఏఐకి తెలియదు, మీరు చెప్తే తప్ప. చెప్పకపోతే నలుగురూ రాసే మాటే నున్నగా రాసి ఇస్తుంది, అడగని ఫీచర్ ఒకటి ఉన్నట్టు కూడా రాసేస్తుంది. అది నమ్మి కొన్న కస్టమర్‌కి జవాబు చెప్పుకోవాల్సింది మీరు.

ఏఐతో రాసిన పేజీని గూగుల్ వెనక్కి నెట్టేస్తుందా అని కూడా చాలామంది అడుగుతారు. 2023 ఫిబ్రవరిలో గూగుల్ చెప్పింది ఏంటంటే, మేటర్ ఎలా తయారైందన్నది కాదు, ఎంత పనికొస్తుందన్నదే చూస్తామని. 2024 మార్చిలో తెచ్చిన స్పామ్ నిబంధనల్లో, ర్యాంకింగ్ కోసమే ఉపయోగం లేని పేజీలని కుప్పలుగా తయారు చేయడాన్ని, మనిషి చేసినా మిషన్ చేసినా, తప్పుగానే లెక్కేసింది. కాబట్టి ఏఐ వాడారా లేదా అని భయపడక్కర్లేదు, ఆ పేజీ ఎవరికైనా పనికొస్తుందా అన్నది చూసుకోవాలి.

మీరు ఏఐతో రాసిన మేటర్‌ని ఎడిట్ చేయమని ఇవ్వొచ్చు. కాకపోతే అందులోని ప్రతి వాస్తవాన్నీ సరిచూడాలి కాబట్టి కొన్నిసార్లు కొత్తగా రాయడమే తక్కువ పని అవుతుంది, అలా అయితే ముందే చెప్తాం. మేం రాసే మేటర్‌లో ఏఐ ఎక్కడైనా వాడితే అదీ మీకు చెప్తాం.

గూగుల్ మొదటి పేజీలో వస్తామని గ్యారంటీ ఇస్తారా?

ఇవ్వం. అలా గ్యారంటీ ఇచ్చేవాళ్ళని నమ్మొద్దని గూగుల్ స్వయంగా చెప్తుంది. మా చేతిలో ఉన్నది మాత్రం చేస్తాం: జనం వెతికే మాటలు హెడ్డింగుల్లో సహజంగా వచ్చేలా చూడటం, వాళ్ళు అడిగే ప్రశ్నకి పేజీ పైభాగంలోనే జవాబు పెట్టడం, పేజీ టైటిల్ 60 అక్షరాల లోపు ఉంచడం. ఆ వెతికే మాట, అంటే కీవర్డ్, ఇరవైసార్లు రావాలని పట్టుబట్టకండి, అలా కుక్కడం గూగుల్ స్పామ్ లిస్టులో ఉంది. చదివేవాళ్ళకి కనబడకుండా పేజీ కోడ్‌లో కీవర్డ్‌లు పెట్టే కీవర్డ్స్ మెటా ట్యాగ్‌ని ర్యాంకింగ్‌కి వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది, ఇప్పటికీ దానికోసం విడిగా డబ్బు తీసుకునేవాళ్ళున్నారు.

పేజీ ఎంత పొడుగుండాలి? జనం అసలు చదువుతారా?

జనం వెబ్‌సైట్లని ఎలా వాడతారో పరిశోధించిన జేకబ్ నీల్సన్ 1997లో చేసిన పరీక్షలో 79 శాతం మంది కొత్త వెబ్ పేజీని పైపైన చూసుకుంటూ పోయారు, మాట మాటా చదివినవాళ్ళు 16 శాతమే. అప్పటికి ఫోన్లో నెట్ చూడటం జనానికి అలవాటు కూడా కాలేదు. దీన్ని పట్టుకుని "అయితే చిన్నగా రాద్దాం" అంటారు, మేం ఒప్పుకోం. పైపైన చూసేవాడు తనకి కావాల్సింది దొరికినచోట ఆగి శ్రద్ధగా చదువుతాడు. పెద్ద మొత్తం పెట్టి కొనే వస్తువైతే వారంటీ నిబంధనల దాకా చదువుతాడు. కాబట్టి చూడాల్సింది హెడ్డింగులు చదివితేనే సగం విషయం తెలిసిపోతోందా, పేరా మొదటి వాక్యంలోనే అసలు మాట ఉందా అని. పొడుగు అన్నది చెప్పాల్సిన దాన్ని బట్టి.

ఎస్ఎమ్ఎస్, యాడ్ లాంటి చిన్న మేటర్‌కి కూడా రైటర్ కావాలా?

చిన్నదానికే ఎక్కువ కావాలి. ఇంగ్లీష్ ఎస్ఎమ్ఎస్ ఒక్కటి 160 అక్షరాలు, తెలుగులో అయితే 70 మాత్రమే, అది దాటితే ముక్కకి 67 చొప్పున విడగొట్టి ప్రతి ముక్కకీ ఛార్జ్ పడుతుంది. పైగా గుణింతం, పొల్లు అన్నీ విడిగా లెక్కలోకి వస్తాయి, "స్త్రీ" అనే ఒక్క అక్షరానికి 6 పోతాయి. లక్షల మందికి పంపే మెసేజ్‌లో పది అక్షరాలు తగ్గిస్తే బిల్లు సగం కావచ్చు.

గూగుల్ సెర్చ్ యాడ్స్‌లో హెడ్‌లైన్‌కి 30 అక్షరాలు, వివరణకి 90. హెడ్‌లైన్లు 15 దాకా, వివరణలు 4 దాకా ఇవ్వొచ్చు, ఏది దేని పక్కన చూపించాలో గూగులే నిర్ణయిస్తుంది. అందుకని ఒక హెడ్‌లైన్‌లో మొదలైన వాక్యం ఇంకోదానిలో పూర్తయ్యేలా రాస్తే మధ్యలో తెగిపోతుంది, ప్రతిదీ విడిగా నిలబడాలి.

"నంబర్ వన్", "100 శాతం ఫలితం" అని రాయమంటే రాస్తారా?

రుజువు చూపిస్తే రాస్తాం, లేకపోతే రాయం. కస్టమర్ల పేరుతో దొంగ రివ్యూలు కూడా రాయం, ఎంత ఇచ్చినా సరే. అమెరికాలో 2024 అక్టోబర్ నుంచి వాటిని నేరుగా నిషేధించే నిబంధనే వచ్చింది, మిగతా చాలా దేశాల్లో తప్పుడు ప్రకటనల చట్టాల కిందకి వస్తాయి. చట్టం సంగతి అలా ఉంచండి, చదివేవాడిని మోసం చేయడానికి మా అక్షరాలు వాడటం మాకు ఇష్టం లేదు. అసలు కస్టమర్లని ఎలా అడిగితే పనికొచ్చే రివ్యూ ఇస్తారో చెప్పమంటే సంతోషంగా చెప్తాం. "మా సర్వీస్ ఎలా ఉంది?" అని కాకుండా "మా దగ్గరికి రాకముందు మీకున్న ఇబ్బంది ఏంటి, ఇప్పుడు ఏం మారింది?" అని అడగండి.

ఇంగ్లీష్ మేటర్ ఇస్తే తెలుగు చేసి పెడతారా?

చేస్తాం. నిబంధనలు, వాడే విధానం లాంటివి ఉన్నదున్నట్టు అనువదిస్తాం, యాడ్‌నీ హోమ్‌పేజీనీ మాత్రం అలా చేయం. ఇంగ్లీష్ యాడ్ ఏం చెప్పాలనుకుందో తెలుసుకుని తెలుగులో మొదటినుంచి రాస్తాం, అందుకని వాక్యానికి వాక్యం పోల్చి చూస్తే కుదరదు. బుకింగ్, పేమెంట్, డెలివరీ లాంటి మాటల్ని జనం ఎలా అంటారో అలాగే ఉంచుతాం.

ఛార్జ్ ఎలా లెక్కేస్తారు?

రాయడానికి ప్రాజెక్టుకి ఇంత అని, ఎడిటింగ్‌కి మాటల లెక్కన. రాయడానికి మాటకింత అని ఎందుకు తీసుకోమంటే, అప్పుడు పొడుగ్గా రాయడం మాకు లాభం, పొట్టిగా ఉండటం మీకు లాభం, ఇద్దరం చెరోవైపు లాగుతాం. ఎడిటింగ్‌కి ముందు మీ ఫైల్ మధ్యలోంచి రెండు పేజీలు తీసుకుని చూస్తాం. మొదటి పేజీలు అందరూ జాగ్రత్తగా రాస్తారు కాబట్టి వాటిని చూసి పని అంచనా వేయలేం. సగం అడ్వాన్స్, మిగతాది ఫైనల్ ఫైల్ ఇచ్చాక.

ఎన్నిసార్లు మార్పులు చేస్తారు?

రెండుసార్లు మొదటి ధరలోనే ఉంటాయి. మా తప్పు ఏదైనా ఉంటే అది లెక్కలోకి రాదు, ఎప్పుడైనా సరిచేస్తాం. ఒక్క మాట మాత్రం అడుగుతాం: మీ వైపు నుంచి అభిప్రాయాలన్నీ ఒకే వ్యక్తి కలిపి పంపాలి. ఐదుగురు ఐదు ఫైళ్ళు పంపి, ఒకరు తీసేయమన్న పేరాని ఇంకొకరు పెంచమంటే, ఆఖరికి అందరికీ సరేననిపించే చప్పటి మేటర్ మిగులుతుంది. "నచ్చలేదు" అని చెప్పడానికి మొహమాటపడొద్దు, ఎక్కడ చదవడం ఆపాలనిపించిందో కూడా చెప్తే మాకు దారి దొరుకుతుంది.

అర్జెంటుగా రేపటికి కావాలంటే?

ప్రూఫ్‌రీడింగ్, చిన్న యాడ్ అయితే చూస్తాం. వెబ్‌సైట్ మొత్తం రేపటికి అంటే కుదరదు, మిమ్మల్ని అడిగి తెలుసుకోవడానికే టైమ్ పడుతుంది.

మీరు రాసింది ఎవరిది అవుతుంది?

డబ్బు పూర్తిగా కట్టాక మీది, ఆ సంగతి ఒప్పందంలోనే రాసి ఇస్తాం. ఎందుకంటే చాలా దేశాల్లో ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసింది కంపెనీదవుతుంది గానీ, బయటి రచయిత రాసిన దాని హక్కు కాగితం మీద బదిలీ అయ్యేదాకా రచయిత దగ్గరే ఉంటుంది. మమ్మల్నే కాదు, ఎవరితో రాయించుకున్నా ఈ కాగితం అడిగి తీసుకోండి. మీరు చెప్పిన వ్యాపార రహస్యాలు బయటపెట్టబోమని కూడా సంతకం చేస్తాం.

దీనివల్ల అమ్మకాలు పెరుగుతాయా?

వస్తువు మంచిదై, ధర సరిగ్గా ఉండి, జనానికి అర్థం కాకపోవడమే అడ్డంకి అయితే పెరుగుతాయి. అడ్డంకి వస్తువులోనో, డెలివరీలోనో ఉంటే మంచి మేటర్ వల్ల ఎక్కువమంది వచ్చి ఎక్కువమంది నిరాశపడతారు. తేడా తెలుసుకోవాలంటే పాత పేజీ అంకెలు ముందే రాసిపెట్టుకోండి: ఎంతమంది వచ్చారు, ఎంతమంది ఫోన్ చేశారు, ఎంతమంది కొన్నారు. "డెలివరీ ఎప్పుడు?" లాంటి అనవసరపు ఫోన్లు తగ్గడం కూడా ఫలితమే, దాన్ని ఎవరూ లెక్కపెట్టరు.

ఉచితంగా శాంపిల్ రాసి చూపిస్తారా?

మీ గురించి ఏమీ అడగకుండా రాసిన శాంపిల్ మా పనిని చూపించదు, అందుకని రాయం. పాత క్లయింట్లు ఒప్పుకున్న పనులు చూపిస్తాం. ఎడిటింగ్‌కైతే మీ మేటర్‌లోంచి ఒక పేజీ ఉచితంగా చేసి పంపుతాం.

సరే, మొదలుపెడదాం. ఏం పంపాలి?

ఇప్పుడున్న మేటర్ ఎలా ఉంటే అలా, సర్దకుండా పంపండి. దాంతో పాటు ఈ మధ్య కస్టమర్లు రాసిన ఈమెయిళ్ళు గానీ మెసేజ్‌లు గానీ పేర్లు, నంబర్లు తీసేసి కొన్ని, మీకు నచ్చిన పేజీ ఒకటి, నచ్చనిది ఒకటి, ఎందుకో ఒక్క వాక్యంలో. ఎప్పటికి కావాలో, మీ వైపు ఆఖరి మాట ఎవరిదో చెప్పండి. ఇవి అందాక మీటింగ్‌కి టైమ్ అనుకుందాం, ఫోన్లు ఎత్తే వ్యక్తికి కూడా ఆ టైమ్‌లో వీలుండేలా చూడండి.